జెరూసలేంలో సబ్బాతు: ఎక్కడ దిగాలి, ఏ సినగాగ్‌కి వెళ్లాలి

మన వైపు నుంచి జెరూసలేం వెళ్లే యాత్రా గ్రూపుల ప్రోగ్రాం చూడండి. శనివారం నాడు సాధారణంగా బేత్లెహేమో, మృత సముద్రమో ఉంటుంది. ఆ రోజు యూదులకు సబ్బాతు, అంటే శుక్రవారం సాయంత్రమే మొదలై శనివారం రాత్రి దాకా ఉండే విశ్రాంతి దినం. పడమటి జెరూసలేంలో బస్సులు, ట్రామ్, బజారు అన్నీ ఆగిపోతాయి కాబట్టి గ్రూపును ఊరు దాటించేస్తారు. టూర్ వాళ్ల లెక్క వాళ్లది, తప్పు పట్టలేం. కాకపోతే చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో ‘విశ్రాంతి దినము’, ‘సమాజమందిరము’ అని చదువుకున్న మనవాళ్లు, ఆ రెండూ కళ్లెదుట జరిగే రోజునే ఊళ్లో లేకుండా పోవడం నాకు అన్యాయంగా అనిపించేది. అందుకే 2023 మేలో సొంతంగా వెళ్లినప్పుడు ప్లాన్ అంతా శనివారాల చుట్టూనే వేసుకున్నాను. ఆ ఏడాది అక్టోబర్‌లో మొదలైన గాజా యుద్ధానికి ముందు మాట ఇది. ఇప్పుడు వెళ్లాలనుకునేవాళ్లు టికెట్ కంటే ముందు భారత రాయబార కార్యాలయం సూచనలు చూసుకోవాలి.

సబ్బాతు నాడు నడక తప్ప వేరే దారి లేదు. కాబట్టి గది ఎంత బాగుంది అన్నదాని కంటే సినగాగ్‌కి, అంటే యూదుల సమాజమందిరానికి, ఎంత దగ్గర అన్నదే ముఖ్యం. మొదటి శనివారానికి కింగ్ జార్జ్ వీధి దగ్గర ఒక పెద్ద హోటల్లో దిగాను. అక్కడ ‘షబ్బాత్ లిఫ్ట్’ ఉంది. బటన్ నొక్కే పని లేకుండా ప్రతి అంతస్తులోనూ దానంతట అదే ఆగుతూ పోతుంది. పై అంతస్తు వాళ్లకు అదొక ఓపిక పరీక్ష, పిల్లలకు మాత్రం మంచి కాలక్షేపం. కాఫీ మెషీన్ బంద్. ముందు రోజే కాచి పెట్టిన వేడినీళ్ల డ్రమ్ములోంచి పట్టుకుని కాఫీ పొడి కలుపుకోవాలి. నా గది కార్డు శుక్రవారం రాత్రే పనిచేయడం మానేసింది. కొత్తది చేసే మనిషి శనివారం రాత్రి గానీ రాడన్నారు. బయటికి వెళ్లి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి తలుపు తీసేవాళ్లు. ఆ డబ్బుకి ఆ సర్వీసు నాకు నచ్చలేదు. ఇంకో సంగతి, ఇక్కడి హోటళ్లలో శనివారం చెక్ ఇన్ చాలాచోట్ల సబ్బాతు ముగిశాకే, అంటే రాత్రికే. శనివారం మధ్యాహ్నం దిగి గది అడిగితే లాబీలో కూర్చోవడమే.

రెండో శనివారానికి నఖ్లావోత్‌లో ఒక ఇంటి కింది గది అద్దెకు తీసుకున్నాను. సగానికి తక్కువ ఖర్చు, వందరెట్లు మేలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పాత నగరం గోడల బయట కట్టిన పేటలు ఇవి. సందులు ఇరుకు, మెట్లు ఎక్కువ, పెద్దవాళ్లకు కష్టం. కానీ సందుకో సినగాగ్ ఉంటుంది, మహనే యెహుదా మార్కెట్ పక్కనే. ఇంటావిడ గురువారం పొద్దునే వచ్చి అన్నీ చూపించింది. బాత్రూం లైటు ఆర్పొద్దు, హాట్ ప్లేట్ ముట్టుకోవద్దు, టాయ్‌లెట్ పేపరు ముందే చింపి పెట్టాం. చింపడం కూడా ఆ రోజు చేయకూడని పనుల్లో ఒకటి. అలాంటి మూల పనులు 39 అని వాళ్ల లెక్క. దున్నడం, విత్తడం దగ్గర మొదలై రాయడం, నిప్పు రాజేయడం దాకా ఉంటాయి.

ఒంటరిగా, తక్కువ బడ్జెట్‌తో వెళ్లేవాళ్లకి డేవిడ్కా కూడలిలోని అబ్రహాం హాస్టల్ చెప్పొచ్చు. అక్కడ శుక్రవారం రాత్రి బస చేసినవాళ్లందరినీ కూర్చోబెట్టి సబ్బాతు భోజనం పెడతారు. ఇవన్నీ వద్దు, శనివారం కూడా వేడి కాఫీ, తెరిచిన షాపులు కావాలంటే పాత నగరంలో వయా డొలొరోసా మీదున్న ఆస్ట్రియన్ హాస్పైస్ మంచిది. అది ముస్లింల పేట, ఆ చుట్టుపక్కల శనివారం మామూలు రోజే. డమాస్కస్ గేట్ దగ్గర నుంచి అరబ్ బస్సులు కూడా తిరుగుతాయి. అయితే సబ్బాతు లోపల ఉన్న అనుభవం అక్కడ రాదు.

ఇక సినగాగ్‌లు. మొదటిసారి వెళ్లేవాళ్లకి కింగ్ జార్జ్ వీధిలోని గ్రేట్ సినగాగ్ సులువు. 1982లో ప్రారంభమైన ఈ కట్టడంలో వెయ్యి మందికి పైగా పడతారు. రంగుటద్దాల కిటికీలు, ప్రార్థన పాడే హజ్జాన్, మగవాళ్ల గాయక బృందం. కొత్తవాళ్లు ఎప్పుడూ వస్తుంటారు కాబట్టి ఎవరూ వింతగా చూడరు. మగవాళ్లు తల మీద టోపీ పెట్టుకోవాలి, లేకపోతే వాళ్లే ఇస్తారు. ఆడవాళ్లకి పైన విడిగా చోటు. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు సైరన్ మోగుతుంది. మిగతా చాలా ఊళ్లలో దీపాలు వెలిగించడం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందైతే, జెరూసలేంలో 40 నిమిషాల ముందు. ‘లెఖా దోదీ’ పాట ఆఖరి చరణానికి వచ్చేసరికి అందరూ లేచి తలుపు వైపు తిరిగి వంగుతారు. వస్తున్నది సబ్బాతు అనే పెళ్లికూతురు. పదహారో శతాబ్దంలో సఫెద్‌లో ఉన్న ష్లోమో అల్కబెత్స్ రాసిన పాట ఇది. ఆ రోజు సంగీతం గొప్పగా ఉందనడంలో సందేహం లేదు. కానీ గంట గడిచేసరికి కచేరీకి వచ్చినట్టే అనిపించింది. పక్క సీటాయనతో ఒక్క మాటైనా కలవలేదు.

అసలు అనుభవం తర్వాతి వారం. ఆ ఏడాది షవువోత్, అంటే తెలుగు బైబిల్లోని వారముల పండుగ, మే 25 గురువారం సాయంత్రం మొదలై శుక్రవారం సాయంత్రం నేరుగా సబ్బాతులో కలిసింది. గురువారం చీకటి నుంచి శనివారం రాత్రి దాకా ఊరంతా బంద్. గురువారం పొద్దున మార్కెట్లో నడవడానికి సందు లేదు. జున్ను కొట్ల దగ్గర క్యూలు, ఎందుకంటే ఆ పండక్కి పాల వంటకాలు, చీజ్‌కేక్ తినడం ఆనవాయితీ. రొట్టె, పళ్లు, పెరుగు, నీళ్లు అన్నీ అప్పుడే కొనిపెట్టుకోవాలి. మధ్యాహ్నం తర్వాత వెళ్తే ఖాళీ బల్లలే.

షవువోత్ రాత్రి యూదులు నిద్రపోరు, చదువుకుంటారు. సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రం అందుకున్న రోజుగా దీన్ని జరుపుకుంటారు కాబట్టి రాత్రంతా జాగారం చేసి పాఠం వింటారు. మన శివరాత్రి జాగారం గుర్తొస్తుంది, భజన బదులు వాదన అంతే. రెహావియా, జర్మన్ కాలనీ, బకా పేటల్లో అర్ధరాత్రి ఒంటిగంటకి కుటుంబాలు కుటుంబాలుగా ఒక సినగాగ్ నుంచి ఇంకో సినగాగ్‌కి నడుస్తూ కనిపిస్తాయి. చాలాచోట్ల ఇంగ్లీషు ఉపన్యాసాలు ఉంటాయి, టికెట్ లేదు, అడిగేవాళ్లు లేరు. నేను విన్నవాటిలో బాగున్నది రూతు గ్రంథం మీద. మోయాబు నుంచి వచ్చిన కోడలికి ఊళ్లో ఎవరు ఏం బాకీ అన్నది విషయం. చెప్పే ఆవిడ ఒక వాక్యం చదివితే ముందు వరసలో పెద్దాయన అడ్డం పడటం, వెనక నుంచి ఒక కాలేజీ అమ్మాయి ఆయన్ని తప్పుపట్టడం. ఎవరూ కోప్పడలేదు. మన ప్రసంగాల్లో ఇలా అడ్డం పడితే ఏమవుతుందో ఊహించుకోండి! తెల్లవారుజామున వేలమంది పశ్చిమ గోడ దాకా నడిచి వెళ్లి సూర్యోదయ ప్రార్థన చేస్తారు. ఆ తోపులాటకి ఓపిక ఉంటేనే వెళ్లండి. ఫొటోల ఆశ పెట్టుకోవద్దు, సబ్బాతు, పండుగ రోజుల్లో గోడ దగ్గర ఫొటోలు తీయనివ్వరు.

శనివారం ఉదయం నఖ్లావోత్‌లోనే అదెస్ సినగాగ్‌కి వెళ్లాను. అలెప్పో నుంచి వచ్చిన సిరియా యూదులు 1901లో కట్టుకున్నది. చిన్న హాలు, గోడల మీద పాత రంగుల చిత్రాలు, అరబ్ రాగాల్లో ప్రార్థన. ఇంగ్లీషు పుస్తకం దొరుకుతుందని ఆశించొద్దు. ఎక్కడ కూర్చోవాలో అడిగి కూర్చోవాలి, చాలామందికి ఏళ్ల తరబడి ఉన్న సీట్లవి. ‘నేను యూదుణ్ని కాదు, చూడటానికి వచ్చాను’ అని ముందే చెప్పేస్తే ఏ ఇబ్బందీ లేదు. లేకపోతే గ్రంథం చదివేటప్పుడు పైకి పిలుస్తారేమో. ఆ వారం చదివిన భాగం ‘నాసో’, సంఖ్యాకాండంలోది. తోరాను, అంటే మోషే ధర్మశాస్త్రాన్ని, వారానికో భాగంగా చదువుతారు; 176 వచనాలతో ఆ భాగాల్లో అన్నిటికంటే పొడవైనది ఇదే. ఏడుగురిని ఒకరి తర్వాత ఒకరిని పిలిచి చదివిస్తారు. గ్రంథం చుట్ట ఇక్కడ గట్టి పెట్టెలో నిలువునా నిలబడి ఉంటుంది.

ఆ భాగంలోనే మనవాళ్లకి బాగా తెలిసిన మాట ఉంది. ‘యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక.’ మా గుంటూరు చర్చిలో ప్రతి ఆదివారం ఆరాధన ముగింపులో వినే దీవెన. ఇక్కడ అహరోను వంశం వాళ్లు చెప్పులు విడిచి ముందుకు వెళ్లి, శాలువా తల మీదుగా కప్పుకుని చేతులు చాపి, ఒక్కో మాట ఆగి ఆగి పలుకుతారు. జనం వాళ్ల వైపు చూడకుండా తల దించుకుంటారు. విదేశాల్లో చాలామంది యూదులు పండుగలకే చేసే ఈ దీవెన జెరూసలేంలో రోజూ ఉంటుంది. నా వరకు ఆ ప్రయాణ ఖర్చంతా అక్కడికే చెల్లు.

మధ్యాహ్నం ఇంటావిడ వాళ్ల భోజనానికి పిలిచింది. వాళ్లది యెమెన్ కుటుంబం. రాత్రంతా సన్నని సెగ మీద ఉంచిన జఖ్నూన్, అంటే చుట్టిన పిండి రొట్టె, తురిమిన టమాటా, ఉడికించిన గుడ్డు, పచ్చిమిర్చి కొత్తిమీర నూరిన జుగ్. కారం లేక నీరసించిన తెలుగు నోటికి ఆ జుగ్ చాలు. అలాంటి ఇంటికి చేతిలో స్వీటు డబ్బాతో వెళ్లకండి, వాళ్ల ఆహార నియమాల వల్ల తెరవలేక ఇబ్బంది పడతారు. పూలు ఇవ్వాలంటే ముందు రోజే ఇవ్వాలి. కాలింగ్ బెల్ నొక్కకుండా తలుపు తట్టాలి. మాటల్లో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1990ల నుంచి తెలుగువాళ్లు నడుపుతున్న సినగాగ్ ఉందని, తమది ఎఫ్రాయిము గోత్రమని చెప్పుకునే బెనే ఎఫ్రాయిమ్ వాళ్లు అక్కడ సబ్బాతు పాటిస్తారని చెప్పాను. కొచ్చి, ముంబై యూదుల గురించి తెలుసు గానీ ఇది వినలేదన్నారు. వాళ్లు ప్రార్థన తెలుగులో చేస్తారా, హీబ్రూలోనా అని మొదలుపెట్టి భోజనం అయ్యేదాకా నన్ను వదల్లేదు.

సాయంత్రం పాఠానికి బకా దాకా నడిచాను. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల చిన్న సినగాగ్. రాయడం నిషిద్ధం కాబట్టి పెన్నూ, నోట్సూ ఉండవు, అందరి ముందూ తెరిచిన పుస్తకాలే. మళ్లీ ‘నాసో’నే. ఏడో అధ్యాయంలో పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజులు అర్పణలు తెస్తారు. అందరివీ అవే వస్తువులు. అయినా బైబిల్ పన్నెండుసార్లూ మొత్తం రాస్తుంది. నేనైతే ఆ అధ్యాయం వచ్చినప్పుడల్లా పేజీలు తిప్పేసేవాణ్ని. ఇక్కడ గంటసేపు దాని మీదే. ముందు ఇద్దరిద్దరు జతగా కూర్చుని గట్టిగా చదువుకోవాలి, ఆ తర్వాతే అందరూ కలిసి మాట్లాడుకోవాలి. పదమూడో శతాబ్దపు పండితుడు రాంబాన్ జవాబు ఏమిటంటే, తెచ్చింది ఒకటే అయినా ఒక్కొక్కరూ వేరే వేరే ఆలోచనతో తెచ్చారు, అందుకని ఎవరిదీ ‘పైదే’ అని వదిలేయలేదు. నా జతగాడు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకి ఆ జవాబు నచ్చలేదు. ‘అయితే ఆ ఆలోచనలు రాయొచ్చు కదా, గిన్నెల బరువులెందుకు?’ అంటాడు. తేలలేదు.

వెనక వరసలో చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన, పక్కన ఆయన్ని చూసుకునే కుర్రాడు. నన్ను చూడగానే ‘అన్నా, మీది ఆంధ్రానా, తెలంగాణానా?’ అన్నాడు. జగిత్యాల వైపు అబ్బాయి. తెలంగాణ నుంచి కేర్‌గివర్ పనికి వచ్చినవాళ్లు ఇజ్రాయెల్లో చాలామందే ఉన్నారు. సబ్బాతు నియమాలు నాకు అందరికంటే బాగా చెప్పింది అతనే. ‘మా తాత లైటెయ్యి అని చెప్పడన్నా. గదిల చీకటున్నట్టుంది గదా అంటడు. మనమే అర్థం చేసుకోవాలె’ అని నవ్వాడు. ఊరి చుట్టూ కట్టిన తీగ హద్దు ఉంది కాబట్టే కుర్చీ తోసుకుని బయటికి రాగలుగుతున్నామని కూడా చెప్పాడు. ఆ హద్దు లేకపోతే ఇంటి బయట దేన్నీ మోయకూడదు, తోయకూడదు.

శనివారం ఇంకా ఓపిక మిగిలితే ఇజ్రాయెల్ మ్యూజియం ఆ రోజూ తెరిచే ఉంటుంది. కొచ్చి మట్టాంచేరిలోని కడవుంభాగం సినగాగ్ లోపలి చెక్కపనిని తెచ్చి అందులో నిలబెట్టారు. పైకప్పు మీద ఎర్రని, పచ్చని తామరలు చూస్తే కేరళ గుడి మండపం అనుకుంటారు.

రాత్రి చుక్కలు కనిపించాక సబ్బాతుని సాగనంపే హవ్‌దలా. ద్రాక్షరసం, సుగంధ ద్రవ్యాల డబ్బా, జడలా అల్లిన కొవ్వొత్తి, పది నిమిషాల పని. ఆ తర్వాత ట్రామ్, బస్సులు మొదలవుతాయి గానీ వెంటనే కాదు, పైగా ఊరంతా ఒకేసారి బయటపడుతుంది. కాబట్టి శనివారం రాత్రి ఫ్లైట్ పెట్టుకోవద్దు. ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ అల్ విమానాలు సబ్బాతు నాడు ఎగరవు. వేరే సంస్థలో బుక్ చేసుకున్నా ఎయిర్‌పోర్టుకి రైలు ఉండదు, షెరూత్ అనే షేర్ వ్యానో, ట్యాక్సీయో ముందే మాట్లాడుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం దిగేవాళ్లదీ ఇదే కథ. కుదిరితే గురువారం దిగి, ఆదివారం బయల్దేరేలా చూసుకోండి.