గ్లాక్‌కి బారెల్ మార్పించిన షాపు: ఈస్ట్ బే గన్‌స్మిత్ రివ్యూ

షూటింగ్ రేంజ్‌లో నా పిస్టల్ చూసిన మన తెలుగువాళ్లు బారెల్ (గుండు బయటికొచ్చే గొట్టం) ఎక్కడ మార్పించావు, ఎంతయింది, కాలిఫోర్నియాలో అది లీగలేనా అని అడుగుతూనే ఉన్నారు కాబట్టి అంతా ఒకేచోట రాసేస్తున్నాను. షాపు శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న ఈస్ట్ బేలో ఉంది, చిన్నది, తండ్రీకొడుకులు నడుపుతారు. ముందు కౌంటర్‌లో కొడుకు అమ్మకాలు చూసుకుంటాడు, వెనక గదిలో పెద్దాయన గన్‌స్మిత్ పని, అంటే తుపాకుల రిపేరు చేస్తాడు. 5కి 4 ఇస్తున్నాను. ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాశాను.

నాది గ్లాక్ కంపెనీ పిస్టల్, 19 మోడల్, మూడో తరం (జెన్ 3). దాంతో వచ్చే బారెల్‌లో లోపలి గాడులు పాలిగోనల్ రకం, అంటే అంచులు పదునుగా ఉండవు. అందులో రాగి తొడుగు లేని సీసం గుళ్లు వాడొద్దని కంపెనీయే చెప్తుంది, ఎందుకంటే సీసం లోపల పేరుకుపోయి ప్రెషర్ పెరుగుతుంది. నేను రేంజ్‌లో కాల్చేది స్నేహితుడు పోతపోసిన సీసం గుళ్లతో మళ్లీ నింపి (రీలోడ్ చేసి) ఇచ్చే తూటాలే, అందుకని మామూలు గాడులున్న బారెల్ ఒకటి కావాలి. అవసరం ఇంతే. కానీ ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కనబడేవన్నీ థ్రెడెడ్ బారెల్సే, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) దాటి అర అంగుళం బయటికొచ్చి చివర మరలు కోసి ఉంటాయి, చూడ్డానికి బావుంటాయి, ధర కూడా పెద్ద తేడా ఉండదు. వేరే రాష్ట్రంలోని ఒక ఆన్‌లైన్ షాపు అయితే నా కాలిఫోర్నియా అడ్రస్ కొట్టినా కిక్కురుమనకుండా పేమెంట్ పేజీ దాకా తీసుకెళ్లింది. చాలామంది టెన్షన్ లేకుండా బుక్ చేసేది ఇక్కడే. ఫెడరల్ చట్టం లెక్కలో గన్ అంటే సీరియల్ నంబర్ ఉన్న ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం) మాత్రమే, బారెల్ ఒక విడిభాగం, కాబట్టి అది డీలర్‌తో పనిలేకుండా పోస్టులో ఇంటికి వచ్చేస్తుంది. ఇంటికి వచ్చింది కదా అని ఇక్కడ బిగించుకోవచ్చని కాదు.

నేను ఏదీ కొనకుండా ముందు ఈ షాపుకి వెళ్లి అడిగాను. పెద్దాయన పిస్టల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, చాప మీద పెట్టి, ఓపిగ్గా చెప్పాడు. పీనల్ కోడ్ 30515 ప్రకారం సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కి మేగజీన్ ఊడొచ్చేది అయితే, చట్టం చెప్పిన వాటిలో ఒక్కటున్నా అది 'అసాల్ట్ వెపన్' కిందకి వెళ్లిపోతుంది. ఫ్లాష్ సప్రెసర్ (కాల్చినప్పుడు వచ్చే మెరుపు తగ్గించేది), ముందు పిడి, సైలెన్సర్ (శబ్దం తగ్గించేది), వీటిలో ఏదైనా తగిలించడానికి వీలైన థ్రెడెడ్ బారెల్ ఒకటి, ఇంకా రెండో చేతికి పిడి, చెయ్యి కాలకుండా బారెల్ చుట్టూ తొడుగు, పిడిలో కాకుండా ఇంకెక్కడో మేగజీన్ పెట్టే ఏర్పాటు, ఇవీ ఆ లిస్టు. రైఫిల్స్ గురించి విని విని పిస్టల్‌కి ఇది వర్తించదనుకునే వాళ్లు ఎందరో, కానీ ఈ రూలు 2000 జనవరి 1 నుంచే ఉంది. సైలెన్సర్ అయితే ఈ రాష్ట్రంలో మామూలు జనానికి అసలే నిషేధం.

నేను అడిగిన ప్రశ్నే మీలో చాలామందికి వస్తుంది: మరల మీద క్యాప్ బిగించేస్తే? కుదరదు. వేరేది తగిలించి మరల్ని దాచినా అది థ్రెడెడ్ బారెలే అని రాష్ట్ర నిబంధనల్లో రాసే ఉంది, మరలకి బదులు సైలెన్సర్ తగిలే లగ్స్ (కొక్కేల్లాంటి ఉబ్బులు) ఉన్నా అదే లెక్క. 22 క్యాలిబర్ పిస్టల్ కదా అన్నా వదలరు, రైఫిల్స్‌లో రిమ్‌ఫైర్‌కి (22 లాంటి, అంచు మీద దెబ్బ పడితే పేలే తూటాలు) ఉన్న వెసులుబాటు పిస్టల్స్‌కి లేదు. రివాల్వర్‌కి ఈ గొడవ లేదు, అది సెమీ ఆటో కాదు కాబట్టి.

శిక్ష సంగతి చెప్పినప్పుడు నాకు నిజంగా భయమేసింది. అలాంటి పిస్టల్ ఊరికే దగ్గర ఉంచుకున్నందుకు కౌంటీ జైల్లో ఏడాది దాకా, లేదా నేరుగా ఫెలనీగా (తీవ్రమైన నేరంగా) కేసు పెట్టే వీలుంది. ఇంట్లో కూర్చుని బారెల్ మార్చుకోవడాన్ని 'తయారీ' అని ప్రాసిక్యూటర్ వాదిస్తే, ఆ సెక్షన్‌లో శిక్ష 4, 6 లేదా 8 ఏళ్లు. మనలాంటి వాళ్లకి దీనిమీద ఇంకో దెబ్బ ఉంది, దాన్ని ఏ షాపూ చెప్పదు కాబట్టి నేనే చెప్తున్నాను. గ్రీన్‌కార్డ్ మీద ఉన్నవాళ్లు గన్ కొనుక్కోవచ్చు, కానీ ఆయుధాల నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో అదే ఒక కారణం. పదిహేనేళ్లు లైన్లో నిలబడి తెచ్చుకున్న కార్డు అర అంగుళం మరల కోసం పోగొట్టుకుంటారా? హెచ్1బీ వాళ్లయితే బారెల్ దాకా అక్కర్లేదు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప గన్నూ తూటాలూ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. ఫ్రెండు గన్‌ని మీ అపార్ట్‌మెంట్‌లో దాచిపెట్టడం లాంటివి దయచేసి చెయ్యకండి. బారెల్ జోలికి వెళ్తే చట్టం ఊరుకోకపోవడం ఒక్క అమెరికాలోనే కాదు, మన 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ కూడా లైసెన్స్ లేకుండా బారెల్ పొట్టి చేయడాన్ని నేరంగానే చూస్తుంది.

డాలస్ నుంచి ఫ్రీమాంట్‌కి మారుతున్న ఒక తమ్ముడు ఉన్నాడు, అక్కడ లీగల్‌గా కొన్న పిస్టల్‌కి థ్రెడెడ్ బారెల్ ఉంది. "అన్నా, టెక్సాస్‌లో రిజిస్ట్రేషనే లేదు కదా, కాలిఫోర్నియాలో ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. వాణ్ని ఈ షాపుకే ఫోన్ చేయించాను. వాళ్ల దగ్గర కొనేదేమీ లేకపోయినా కొడుకు నిదానంగా మాట్లాడి, రాష్ట్రంలోకి అడుగుపెట్టే ముందే అక్కడి గన్‌స్మిత్‌తో మామూలు బారెల్ వేయించుకోమని, మిగతావన్నీ ఇక్కడి రూల్స్‌కి సరిపోతున్నాయో లేదో చూసుకోమని, వచ్చిన 60 రోజుల్లోపు కొత్త నివాసి ఫారం నింపి రాష్ట్ర న్యాయశాఖకి పంపమని చెప్పాడు. ఊడదీసిన బారెల్ ఏం చెయ్యాలంటే, అక్కడే అమ్మెయ్యి, కాదు తెస్తానంటే ముందు లాయర్‌ని అడుగు అన్నాడు. రూపాయి లాభం లేని ఫోన్‌కి అంత టైమ్ ఇచ్చారు, నాకు ఈ షాపు మీద గౌరవం పెరిగింది అందుకే.

ఇక పని. మరలు లేని, స్లైడ్‌తో సమానంగా ఆగే స్టెయిన్‌లెస్ బారెల్, మామూలు గాడులతో, అదే 9 ఎంఎం. ఇందులో చట్టానికి అడ్డమేమీ లేదు. డ్రాప్ ఇన్ రకమే (సానపట్టకుండా నేరుగా వేసుకునేది) అయినా పెద్దాయన ఊరికే వేసి ఇచ్చెయ్యలేదు. స్లైడ్ పూర్తిగా మూసుకుంటోందా, బారెల్ హుడ్ (వెనక వైపు పైభాగం) ఎక్కడైనా రాసుకుంటోందా చూశాడు, గేజ్‌లతో హెడ్‌స్పేస్ (తూటా కూర్చునే చోట ఉండే సందు) కొలిచాడు, హుడ్ దగ్గర కొంచెం బిగుతుగా ఉంటే సన్నగా ఆకురాయి పట్టాడు, తర్వాత నేను తెచ్చిన సీసం తూటాల కొలతలో డమ్మీలు (పేలని తూటాలు) ఎక్కించి చూపించాడు. రేంజ్‌లో ఇప్పటిదాకా ఒక్క జామ్ కూడా లేదు, గుళ్లు కూడా పాతదానికన్నా దగ్గరదగ్గరగా పడుతున్నాయి. రిపేరుకి ఇచ్చిన సొంత గన్‌ని తిరిగి తీసుకోవడానికి కొత్తగా కొన్నప్పుడు ఉండే 10 రోజుల ఆగుడు లేదు.

ఒక స్టార్ తగ్గించింది ఇందుకు. శనివారం ఫోన్ ఎత్తరు. పని ఎప్పటికి అవుతుందంటే 'వచ్చే వారం' అంటారు, అది ఏ వారమో మనమే ఫోన్ చేసి కనుక్కోవాలి. అన్నిటికన్నా నాకు నచ్చనిది, బిల్లు మీద 'బారెల్ ఫిట్టింగ్' అని మాత్రమే రాశారు, మరలు లేని బారెల్ అని రాయమని అడిగి రాయించుకున్నాను. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అది కావాలి, మీరూ రాయించుకోండి. ఫిట్టింగ్ ఛార్జీ కూడా ఆన్‌లైన్ వీడియోలు చూసి సొంతంగా చేసుకునే వాళ్లకి ఎక్కువనిపిస్తుంది, నాకు అనిపించలేదు.

కోర్టులో ఈ చట్టం కొట్టేశారట కదా అనే వాళ్లకి: శాన్ డియెగో ఫెడరల్ జడ్జి బెనీటెజ్ 2021లో, మళ్లీ 2023లో అసాల్ట్ వెపన్ నిషేధం రాజ్యాంగ విరుద్ధమన్నారు, కానీ రెండుసార్లూ పై కోర్టు ఆ తీర్పుని అమలు కాకుండా ఆపింది. వాట్సాప్‌లో వచ్చే సగం వార్త నమ్మి బారెల్ ఆర్డర్ పెట్టకండి. పైగా 2025లో గవర్నర్ సంతకం చేసిన ఇంకో చట్టంతో 2027 జులై 1 నుంచి బారెల్స్ అమ్మకం కూడా లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర, మనిషి స్వయంగా వెళ్తేనే జరుగుతుంది. ఎలాగూ ఇలాంటి షాపుకే వెళ్లాల్సి వస్తుంది కాబట్టి ఇప్పుడే పరిచయం చేసుకోవడం మంచిది.

వెళ్లేటప్పుడు పిస్టల్ ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో పెట్టి తీసుకెళ్లండి, కారు గ్లోవ్ బాక్స్‌కి తాళం ఉన్నా చట్టం దాన్ని లెక్కలోకి తీసుకోదు. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం పూట పెద్దాయన ఖాళీగా దొరుకుతాడు.