చిన్న కోతా, పెద్ద కోతా: గుండె కవాటం ఆపరేషన్‌లో ఏది క్షేమం?

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి మైట్రల్ కవాటం (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపులా ఉండేది) చెడిపోయిందని తేలితే, ఇంటివాళ్లు డాక్టరును మొదట అడిగేది ప్రాణానికి ఏమైనా భయముందా అని, ఆ తర్వాత అడిగేది మళ్లీ ఎప్పుడు పనికి పోగలడు అని. ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసే పాత పద్ధతినీ, కుడివైపు పక్కటెముకల సందున చిన్న కోతతో చేసే పద్ధతినీ ఈ రెండు ప్రశ్నలకు వేరువేరుగా తూచి చూడాలి.

ప్రాణభయం విషయంలో అనుభవమున్న చేతుల్లో రెండూ దాదాపు సమానమే. బ్రిటన్‌లో 330 మందిపై జరిపి 2023లో ప్రచురించిన పరిశీలనలో, ఏ రోగికి ఏ పద్ధతి అన్నది లాటరీలా నిర్ణయించారు. ఏడాది తిరిగేసరికి మరణాల వంటి తీవ్రమైన ఫలితాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆరు వారాలప్పుడు చిన్న కోత వారు కాస్త చురుకుగా తిరిగినా, పన్నెండు వారాలకు రెండు వర్గాలూ సమానమయ్యాయి. అయితే అక్కడివి ఎక్కువగా వయసుతో వదులై కారే కవాటాలు. మన దగ్గర చిన్నతనంలో వచ్చిన కీళ్లవాతజ్వరం వల్ల గట్టిపడి, అతుక్కుపోయిన కవాటాలు ఇప్పటికీ ఎక్కువే కనుక, ఆ ఫలితాన్ని యథాతథంగా మనకు అన్వయించుకోకూడదని నా అభిప్రాయం.

కోత చిన్నదైనంత మాత్రాన ఆపరేషన్ చిన్నది కాదు. ఇందులోనూ గుండెను ఆపి, రక్తాన్ని యంత్రం ద్వారానే నడిపిస్తారు. సాధారణంగా గొట్టాలను గజ్జల్లోని రక్తనాళాల నుంచి ఎక్కిస్తారు, గుండె ఆగి ఉండే సమయం కూడా తరచుగా కొంత పెరుగుతుంది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమనిలో కొవ్వు పేరుకుని ఉంటే, కింది నుంచి పైకి తోసే రక్తంతో ఆ ముక్కలు మెదడుకు చేరి పక్షవాతం తెచ్చే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా సీటీ స్కాన్ చేయించడం మంచిది. గతంలో టీబీ వచ్చి కుడి ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయినవారికీ, బైపాస్ కూడా అవసరమైనవారికీ పెద్ద కోతే క్షేమం. వరంగల్, ములుగు వైపు టీబీ మందులు వాడిన చరిత్ర ఉన్నవారు ఆ సంగతిని సర్జన్‌కు తప్పక చెప్పాలి.

పనికి తిరిగి వెళ్లే విషయంలో మాత్రం, శరీరం అనుకూలిస్తే, నేను చిన్న కోతవైపే మొగ్గుతాను. కోసిన ఛాతీ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, బరువులెత్తడానికి మూడు నెలల దాకా ఆగమంటారు. చిన్న కోతలో ఎముక తెగదు, రక్తస్రావం తక్కువ, షుగర్ ఉన్నవారిని భయపెట్టే ఛాతీ ఎముక ఇన్ఫెక్షన్ బెడద ఉండదు. పక్కటెముకల నొప్పి మాత్రం కొందరిని చాలా రోజులు బాధిస్తుంది.

కవాటం కేవలం ఇరుకైపోయి, రెక్కలు ఇంకా మెత్తగా ఉండి, పెద్దగా లీకేజీ గానీ ఎడమ కర్ణికలో (గుండె ఎడమవైపు పై గదిలో) రక్తపు గడ్డ గానీ లేకపోతే, ఏ కోతా లేకుండా గజ్జల నుంచి బెలూన్ పంపి విప్పే మార్గాన్ని ముందుగా అడగాలి.

సర్జన్‌ను అడగవలసింది కోత ఎన్ని సెంటీమీటర్లని కాదు. ఈ పద్ధతిలో ఏటా ఎన్ని ఆపరేషన్లు చేస్తున్నారు, మధ్యలో ఎందరికి ఛాతీ తెరవవలసి వచ్చింది అని. లోహపు కవాటం వేస్తే, కోత ఏదైనా, రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం తప్పదు, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి; ఆ పరీక్షకు ప్రతిసారీ హైదరాబాద్ పోనక్కరలేదు, వరంగల్‌లోనే చేస్తారు.