ఇన్‌పుట్-అవుట్‌పుట్ ఉదాహరణలకు ఏ రూపం మేలు?

ఉదాహరణల నుంచి స్ట్రింగ్ (అక్షరాల వరుస) మార్పిడి ప్రోగ్రాములను రాబట్టే పనిలోకి దిగినవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: వాడుకరి ఇచ్చిన రెండు మూడు ఉదాహరణలను సింథసైజర్‌కు, అంటే ప్రోగ్రామును తానే రాసే సాధనానికి, ఏ రూపంలో అందించాలి? నేను ముందుగా చూసేది ఒక్కటే. అవుట్‌పుట్‌లోని ప్రతి ముక్క ఇన్‌పుట్‌లో ఎక్కడినుంచి వచ్చిందో ఆ రూపం గుర్తుపెట్టుకోవాలి.

‘2019-03-07’ని ‘07/03/2019’గా మార్చాలనుకుందాం. సుమిత్ గుల్వానీ 2011లో ప్రచురించిన పద్ధతి, ఎక్సెల్ 2013లో ఫ్లాష్ ఫిల్‌గా అందరికీ అందుబాటులోకి వచ్చినది, ఈ 10 అక్షరాల అవుట్‌పుట్‌ను, అక్షరాల మధ్యా రెండు చివరలా ఉండే 11 నోడ్ల (బిందువుల) గ్రాఫ్‌గా చూస్తుంది. ముందున్న ప్రతి నోడ్ నుంచి తరవాతి ప్రతి నోడ్‌కూ ఒక ఎడ్జ్ (గీత) చొప్పున మొత్తం 55 ఎడ్జ్‌లు వస్తాయి; ఒక్కో ఎడ్జ్ అవుట్‌పుట్‌లోని ఒక ముక్క. అవుట్‌పుట్‌ను ముక్కలు చేయగల 512 విధాలూ ఆ 55లోనే ఇమిడిపోతాయి. ‘07’ ఎడ్జ్ మీద స్థిరమైన స్ట్రింగ్ అనీ, ఇన్‌పుట్ చివరి రెండు అక్షరాలనీ, రెండో హైఫన్ తరవాతి అంకెలనీ పలు వివరణలు కలిసే ఉంటాయి. ఇప్పుడు ‘2020-12-12’కు ‘12/12/2020’ అనే రెండో ఉదాహరణ వచ్చిందనుకోండి. దాన్ని ఒక్కదాన్నే చూస్తే అవుట్‌పుట్ మొదట్లోని ‘12’ నెలో రోజో తేల్చలేం. రెండు గ్రాఫుల ఇంటర్‌సెక్షన్ తీసుకోగానే, అంటే రెండింటిలోనూ ఉన్న వివరణలనే ఉంచగానే, నెల అన్న వివరణా, స్థిర స్ట్రింగ్ అన్న వివరణా రెండూ రాలిపోతాయి. ఊహతో పనిలేకుండా ఉదాహరణలే ఒకదాన్నొకటి సరిదిద్దుకునే ఈ తీరు నాకు ఎంతో ఇష్టం.

ఒగస్టస్ ఒడేనా, చార్లెస్ సటన్ 2020లో ప్రతిపాదించిన ప్రాపర్టీ సిగ్నేచర్ల దారి వేరు. రెండు పొడవులూ సమానమా, ఇన్‌పుట్‌లోని అంకెలన్నీ అవుట్‌పుట్‌లో ఉన్నాయా వంటి ప్రశ్నల పట్టిక ఒకటి పెట్టుకుని, ప్రతిదానికీ ఎప్పుడూ అవును, ఎప్పుడూ కాదు, కొన్నిసార్లు అవును అన్న తరహా జవాబును నమోదు చేస్తారు. ఉదాహరణలు ఎన్ని ఉన్నా ఆ జవాబుల వరుస (వెక్టర్) పరిమాణం మారదు, లెక్క తేలిక. అందుకే చిన్న ముక్కల నుంచి పెద్ద ప్రోగ్రాములను కట్టుకుంటూ కింది నుంచి పైకి సాగే సెర్చ్‌లో మధ్యంతర విలువలను తూచడానికి 2021 నాటి బసిల్ (BUSTLE) అనే వ్యవస్థ దీన్ని చక్కగా వాడుకుంది. అయితే అదే ఇన్‌పుట్‌కు ‘03/07/2019’ కావాలన్నా పై రెండు ప్రశ్నలకూ అవే జవాబులు వస్తాయి. ఆ తేడాను పట్టే ప్రశ్నను ఎవరో ఒకరు ముందే ఊహించి పట్టికలో చేర్చి ఉండాలి.

ఉదాహరణలను న్యూరల్ నెట్‌వర్క్‌తో సంఖ్యలుగా మార్చే న్యూరల్ ఎన్‌కోడర్లలో 2017 నాటి రోబస్ట్‌ఫిల్ అవుట్‌పుట్‌ను చదివేటప్పుడు అటెన్షన్ (ఏ భాగాన్ని ఎక్కువ పట్టించుకోవాలో నేర్చుకునే విధానం) ద్వారా ఇన్‌పుట్ వైపు చూస్తుంది కాబట్టి, ఏ ముక్క ఎక్కడిదన్నది అందులో నేర్చుకున్న అంచనాగా ఉంటుంది. అంచనా కాబట్టి హామీ ఉండదు, వచ్చిన ప్రోగ్రామును నడిపి సరిచూసుకోవాలి. కానీ గ్రాఫ్ చతికిలబడే చోట ఇది నిలబడుతుంది. వాడుకరి పొరపాటున ‘12/12/2020’ చివర ఒక చుక్క పెట్టాడనుకోండి. ఆ చుక్క ఇన్‌పుట్‌లో లేదు, మొదటి ఉదాహరణ అవుట్‌పుట్‌లోనూ లేదు కాబట్టి ఇంటర్‌సెక్షన్ ఖాళీ అయిపోతుంది, లేదా ఎవరూ కోరని షరతుతో కూడిన ప్రోగ్రాము పుట్టుకొస్తుంది.

ఉదాహరణలను నేరుగా పెద్ద భాషా నమూనాకు ప్రాంప్ట్‌గా ఇవ్వడమూ ఉంది. ఆ నమూనా పాఠాన్ని విడగొట్టుకునే ముక్కలు, అంటే టోకెన్లు, అక్షరాల హద్దులను పాటించవు కాబట్టి, స్థానాలను లెక్కపెట్టాల్సిన పనికి నేను దాన్ని మొదటి ఎంపికగా తీసుకోను.

ఇటీవల నా సొంత పనికి గ్రాఫ్‌నే ఎంచుకుని, మిగిలిన ప్రోగ్రాములను వరుసలో పెట్టడానికి మాత్రం నేర్చుకున్న నమూనాను జోడించాను. ‘03’ని ‘మార్చి’గా మార్చమన్నప్పుడు మాత్రం ఈ ఏర్పాటు ఆగిపోతుంది, ఎందుకంటే ఆ ముక్క ఇన్‌పుట్‌లో ఎక్కడా లేదు, గ్రాఫ్‌కు నెలల పట్టికను విడిగా అందించాలి, లేదా ఆ ఒక్క ఎడ్జ్ వరకూ భాషా నమూనాను అడగాలి.