ఓఆర్ఎస్ అడిగితే జ్యూస్ డబ్బా అంటగట్టాడు, పిల్లలున్నవాళ్లు జాగ్రత్త

మా బాబుని ఇవాళ పొద్దున డిశ్చార్జ్ చేశారు. కోపం ఇంకా తగ్గలేదు, తప్పులుంటే మన్నించండి. షాపు ఏదో మన కాలనీవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, రాత్రి పదకొండు దాకా తెరిచి ఉండే మెడికల్ షాపు అదొక్కటే.

శనివారం మధ్యాహ్నం నుంచి వాడికి నీళ్ల విరేచనాలు. నాలుగేళ్ల పిల్లాడు. సాయంత్రానికి ఆరుసార్లు వెళ్లాడు. షాపుకి పరుగెత్తి, విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు కావాలన్నాను. "పొడి లేదు మేడం" అంటూ ఫ్రిజ్‌లోంచి యాపిల్ బొమ్మ ఉన్న డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది ఓఆర్ఎస్సేనా అన్నా?" అని అడిగాను. "ఇదే ఓఆర్ఎస్, రుచిగా ఉంటుంది, పిల్లలు మారాం చేయకుండా తాగేస్తారు" అన్నాడు. నమ్మకం కుదరక మళ్లీ అడిగాను. "ఎలక్ట్రోలైట్ అని రాసుంది కదా, చదువుకున్నవాళ్లు మీరు" అన్నాడు. ఇక మాట్లాడలేక ఐదు డబ్బాలు కొన్నాను.

మూడు తాగించాను. విరేచనాలు తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యాయి. అర్ధరాత్రికి కళ్లు లోపలికి పోయాయి, పిలిస్తే సరిగ్గా పలకడం లేదు, సాయంత్రం నుంచి మూత్రం పోయలేదు. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే సోడియం 128. కనీసం 135 ఉండాలి. సెలైన్ ఎక్కిస్తూ ఏం తాగించారమ్మా అని డాక్టర్ గారు అడిగారు. బ్యాగులోంచి డబ్బా తీసిచ్చాను. ఆవిడ వెనక్కి తిప్పి, చీమ తలంత అక్షరాల్లో ఉన్న లైను మీద వేలు పెట్టారు. విరేచనాలప్పుడు వాడకూడదు అని ఉంది.

నేను పదో తరగతికి సైన్స్ చెప్తాను. సోడియం తన చివరి కక్ష్యలోని ఒక్క ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి ఇచ్చేస్తుందని, అలా ఏర్పడ్డ రెండు అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) మధ్య ఆకర్షణే అయానిక బంధమని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది నేనే. ఉప్పు నీళ్లలో అయాన్లుగా విడిపోతుంది కాబట్టి కరెంటు పారి బల్బు వెలుగుతుందని, ఎలక్ట్రోలైట్ అంటే అలాంటిదేనని, చక్కెర కరిగినా అయాన్లు ఇవ్వదు కాబట్టి వెలగదని పిల్లలకి చేసి చూపిస్తాను. అలాంటిదాన్ని డబ్బా వెనక ఏముందో చూడకుండా నా బిడ్డ నోటికి అందించాను. ఇది నన్ను వదలడం లేదు.

అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్లకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెనకే నీళ్లు వెళ్తాయి. అందుకే ఆ కొలత అంత ముఖ్యం. నేను కొన్న 200 మిల్లీలీటర్ల డబ్బాలో చక్కెరే 22 గ్రాములు. అంటే లీటరుకి 110. అంత చక్కెర పేగులోకి వెళ్తే ఒంట్లో ఉన్న నీళ్లని కూడా పేగులోకి లాగేస్తుంది.

హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దీని మీదే పోరాడారు. ఇలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని 2025 అక్టోబర్‌లో దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. నా డబ్బా మీద నిజంగానే ఆ మాట లేదు. అమ్మినవాడి నోటితోనే వచ్చింది.

ఆస్పత్రి నుంచి నేరుగా షాపుకే వెళ్లాను. చెప్పిందంతా విని, "మీవాడికి రోగం ముందే ఉంది కదా, నా డబ్బాతో వచ్చిందా? వెనక రాసుంది, మీరు చదవకపోతే నేనేం చేయను?" అన్నాడు. బాబు ఎలా ఉన్నాడని ఒక్క మాట అడగలేదు. నేను అక్కడ ఉండగానే ఒక పెద్దాయన వచ్చి మనవరాలికి ఓఆర్ఎస్ కావాలన్నారు. వీడు మళ్లీ అదే ఫ్రిజ్ తెరిచాడు! "తాతా, అది వద్దు, పొడి అడగండి" అని అరిచాను. అప్పుడు కింది సొరుగు లాగి పొడి ప్యాకెట్ తీశాడు. సొరుగు నిండా ఉన్నాయి. పైన దుమ్ము చూస్తే నిన్నా మొన్నా తెచ్చినవి కావు. శనివారం నాతో లేదని చెప్పింది వాటి గురించే.

పొడి ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. ఎన్ని నీళ్లలో కలపాలో దాని మీదే ఉంటుంది, అన్నీ లీటరువి కావు, చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకి. దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. కొంచెం కొంచెంగా తాగించండి. పిల్లలు మగతగా ఉన్నా, మూత్రం పోయకపోయినా ఇంట్లో కూర్చోకండి.

మిగిలిన రెండు డబ్బాలు, డబ్బులు కట్టిన మెసేజ్ నా దగ్గరే ఉన్నాయి. రేపు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి ఫిర్యాదు ఇస్తున్నాను. ఆ షాపులో ఇలాగే మోసపోయినవాళ్లుంటే చెప్పండి, కలిసి వెళ్దాం.