ఉద్యోగం వదిలే ముందు తీసుకున్న సలహా: ఒక సేవపై నా సమీక్ష

నెలనెలా ఒకే తేదీన జమయ్యే జీతం, పింఛను, ఇంటిల్లిపాదికీ వైద్య బీమా ఉన్న పన్నెండేళ్ల ఉద్యోగాన్ని వదిలి నాన్నగారి యంత్ర విడిభాగాల వ్యాపారంలో చేరాలనుకున్నప్పుడు, కుటుంబ వ్యాపారాలకు సలహాలిచ్చే ఒక సంస్థ సేవలు తీసుకున్నాను. మూడు నెలల్లో ఆరు సమావేశాలు జరిగాయి. చేరి ఏడాదిన్నర దాటింది కనుక ఆ సలహాల్లో ఏవి నిలబడ్డాయో ఇప్పుడు చెప్పగలను.

మొదటి సమావేశంలో సలహాదారు కాగితం మీద ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన మూడు వృత్తాలు గీశారు. కుటుంబం, యాజమాన్యం (అంటే వాటాలు), వ్యాపారం అనే ఆ వృత్తాల నమూనాను 1978లో హార్వర్డ్‌లో రెనాటో టాగియూరి, జాన్ డేవిస్ రూపొందించారు. పాఠం మొదలైందని కాస్త విసుగు కలిగిన మాట నిజమే గాని, ఎవరి స్థానం ఎక్కడో గుర్తించమన్నప్పుడు ఆ విసుగు పోయింది. నాన్నగారు మూడింటి నడుమా ఉన్నారు. వాటాలేమీ లేని నేను కుటుంబంలోనూ వ్యాపారంలోనూ మాత్రమే ఉంటాను. వేరే ఉద్యోగం చేసుకుంటున్న అక్కకు వాటా ఉంది, వ్యాపారంలో పని లేదు. నేను తీసుకునే జీతం పెరిగితే అక్క వాటాకు దక్కే లాభం తగ్గుతుందన్న సంగతి అంతవరకూ మా ముగ్గురిలో ఎవరమూ నోరు తెరిచి అనుకోలేదు. ఆ పనికి బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత ఇవ్వవలసి వస్తుందో అంతే నా జీతమనీ, లాభం మాత్రం వాటాల ప్రకారం పంచుకోవాలనీ ఆ రోజే రాసుకున్నాము. ఈ సేవకు చెల్లించిన రుసుములో సగం ఆ ఒక్క పూటకే చెల్లిందని నా అభిప్రాయం.

లెక్కల పరిశీలన కూడా శ్రద్ధగా చేశారు. నాన్నగారు ఏనాడూ తన శ్రమకు జీతం రాసుకోలేదు, గిడ్డంగి సొంతది కావడంతో అద్దె లెక్కలోకి రాలేదు. ఆ రెండూ కలిపి చూస్తే మేము లాభమనుకున్నది సగానికి పైగా కరిగిపోయింది. సరుకు అమ్ముడైన రోజుకూ డబ్బు చేతికొచ్చే రోజుకూ మధ్య మూడు నెలల ఎడం ఉండడం వల్ల, లాభం చూపే వ్యాపారం కూడా జీతాలకు తడుముకోవచ్చని నాకు అర్థమయ్యేలా చెప్పారు. వ్యాపార రుణానికి మొదటి ఏడాది వ్యక్తిగత హామీ సంతకం పెట్టవద్దన్న సూచనను అక్షరాలా పాటించాను.

నచ్చనివీ ఉన్నాయి. కుటుంబ వ్యాపారాల్లో 30 శాతమే రెండో తరం దాటుతాయని ప్రతి సమావేశంలోనూ భయపెట్టారు. ఆ అంకె 1987లో జాన్ వార్డ్ ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చింది. ఆయన చూసినవి అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన 200 తయారీ సంస్థలు. మంచి ధరకు అమ్ముకున్న కుటుంబాన్ని కూడా నిలవనివాటిలోనే చేర్చే అంకెను లోకమంతటికీ వర్తింపజేయడం సలహాదారులకు తగదు.

అధికారం విషయంలోనూ సలహా కాగితం దాటలేదు. కొనుగోళ్లు నా బాధ్యతని రాసి ఉన్నా, సరఫరాదారులు ఇప్పటికీ నాన్నగారికే ఫోన్ చేస్తారు, నేను ఏ మాట చెప్పినా సిబ్బంది మొదట “పెద్దాయనకు తెలుసా?” అని అడుగుతారు. వాళ్లను తప్పుపట్టలేను. కనీసం ఆ బదిలీ ఏ నెలలో, ఎలా ప్రకటించాలో చెప్పి ఉండవలసింది.

వాటాదారులైన తోబుట్టువులు ఉన్నవారు ఈ తరహా సేవ తప్పక తీసుకోవచ్చు. ఒక్కరే వారసులైతే, మొహమాటం లేని మంచి ఆడిటర్ చాలు.

చివరి సమావేశంలో నాన్నగారే, “నేనెప్పుడు తప్పుకోవాలో కూడా రాయండి” అని అడిగారు. అది వారసత్వ ప్రణాళిక కిందికి వస్తుందనీ, దానికి వేరే ఒప్పందం, వేరే రుసుము ఉంటాయనీ సలహాదారు బదులిచ్చారు. నాన్నగారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.