జింక్-నికెల్ డెవలప్‌మెంటు బయటికివ్వాలా, షాపులోనే చేసుకోవాలా? ఏది మేలు?

బెంగళూరు పీణ్యాలో మా బామ్మర్దికి బోల్టుల ప్లేటింగ్ షాపుంది, నాది ఇక్కడ చెన్నైలో అంబత్తూరు ఎస్టేటు. మొన్న రాత్రి ఫోన్ చేసి "బావా, కస్టమర్ మామూలు జింకు ఇంక వద్దంటున్నాడు, జింక్-నికెల్ పూత కావాలంట, ఉప్పునీళ్ళు చల్లే సాల్ట్ స్ప్రే టెస్టులో 720 గంటలు ఎర్ర తుప్పు రాకూడదంట, ఈ ఆర్అండ్‌డీ ఏదో ల్యాబుకి ఇచ్చేసి చేతులు దులుపుకుందామా లేక మనమే కెమిస్టుని పెట్టుకుందామా" అని అడిగాడు. చేతులు దులుపుకోవడం అన్న మాట వినగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నేను ఒకసారి అలాగే దులుపుకుని తర్వాత అవే చేతులు కాల్చుకున్నా.

ముందు అసలు పనేంటో చూద్దాం. పూతలో నికెల్ 12 నుంచి 15 శాతం మధ్యలో ఉండాలి, అప్పుడే తుప్పుని అంతసేపు తట్టుకుంటుంది. తక్కువైతే మామూలు జింకుకి దగ్గరపడుతుంది, బాగా ఎక్కువైతే పూత పెళుసెక్కుతుంది, దానిమీద వేసే పాసివేషన్ (తుప్పుని ఆపే పల్చటి రసాయన పొర) కూడా సరిగ్గా పట్టదు. అదీ బోల్టు తలమీద, మరలోపల, రెండుచోట్లా అంతే ఉండాలి, కరెంటేమో అంచుల్లో ఎక్కువ, లోపల తక్కువ పడుతుంది, తిప్పలన్నీ అక్కడే.

మూడేళ్ల కింద నేను ఇదే పని ఒక ప్రైవేటు ల్యాబుకి కాంట్రాక్టు ఇచ్చా, పేరొద్దులే. వాళ్ళు మోసగాళ్ళేం కాదు, చెప్పిన టైముకి రిపోర్టు ఇచ్చారు, గ్రాఫులు, కలర్ ఫోటోలు, స్పైరల్ బైండింగు, అన్నీ బాగున్నాయి. లీటరు బీకర్లో వాళ్ళు చేసిన ముక్కలు నిజంగానే 13 శాతం నికెల్‌తో వచ్చాయి. అదే రెసిపీ మా 1800 లీటర్ల బ్యారెల్ ట్యాంకులో పోస్తే మొదటి రెండు వారాలు బానే నడిచింది, ఆ తర్వాత ఒక్కొక్కటీ మొదలైంది. వాళ్ళది ఏసీ రూము, డీఎం వాటరు (లవణాలు తీసేసిన నీళ్ళు), ప్యూర్ కెమికల్సు. మాది బోరు నీళ్ళు, డ్రమ్ముల్లో వచ్చే కమర్షియల్ కాస్టిక్ సోడా, పైగా మే నెల. ఈ బాత్ (ట్యాంకులోని ద్రావణం) 25 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి, చెన్నై ఎండకి తోడు రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసి ట్యాంకుకిచ్చే మిషను) కరెంటే బాత్‌ని వేడెక్కిస్తుంది, చిల్లర్ లేకుండా కుదరదు, కానీ చిల్లర్ సంగతి రిపోర్టులో ఒక్క లైను కూడా లేదు. బామ్మర్దికి బెంగళూరు చలి కొంచెం సాయం చేస్తుందేమో గానీ రెక్టిఫయర్ అక్కడా రెక్టిఫయరే.

అసలు దెబ్బ అది కాదు. నికెల్‌ని కాస్టిక్‌లో కరిగించి ఉంచడానికి అమైన్లు అనే రసాయనాలు వేస్తారు కదా, అవి నికెల్ ఆనోడ్ల దగ్గర మెల్లగా విరిగిపోతాయి, అలా విరిగినప్పుడు సైనైడు పుడుతుంది. సైనైడు వాడం అని గొప్పగా చెప్పుకునే షాపులో సైనైడు దానంతటదే తయారవడం అన్నమాట! దాంతో కరెంటు ఎఫిషియన్సీ పడిపోతుంది, అంతే పూతకి ఎక్కువ టైము పడుతుంది. లీటరుకి ఎన్నో ఆంపియర్ అవర్లు (పోయిన కరెంటు లెక్క) నడిచాకే ఇది బయటపడేది, బీకరు అంతదూరం ఎప్పుడూ పోలేదు, కాబట్టి వాళ్ళ గ్రాఫుల్లో లేదు. ఆనోడ్ చుట్టూ మెంబ్రేన్ పెడితే చాలావరకు ఆగుతుంది, కానీ ఆ ఖర్చు ముందే తెలిస్తే నేను కస్టమరుకి వేరే రేటు చెప్పేవాణ్ణి. ఇంకోటి ఈటీపీ, అంటే వాడి వదిలేసిన నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు. అమైన్ పట్టుకున్న నికెల్ మామూలుగా సున్నం వేస్తే కిందికి దిగదు. ఇంక పొల్యూషన్ బోర్డు వాళ్ళొస్తే మన సమాధానం ఏంటి?

అలాగని ప్రైవేటు ల్యాబులు వేస్టు అనట్లేదు, నేనిచ్చిన ప్రశ్నే తప్పు. రెసిపీ అడిగా, రెసిపీ ఇచ్చారు.

రెండో దారి పెద్ద సంస్థలు. కారైకుడి సెక్రీ (సెంట్రల్ ఎలక్ట్రోకెమికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) అంటే మన లైనులో వాళ్ళకి చెప్పక్కర్లేదు, అళగప్ప చెట్టియార్ 300 ఎకరాలు, 15 లక్షల రూపాయలు ఇస్తే 1948లో శంకుస్థాపన జరిగి 1953లో మొదలైన ల్యాబు, ఈ దేశంలో ఎలక్ట్రోకెమిస్ట్రీ ఒక్కదానికే అంటూ పెట్టింది. తరమణిలో దాని చెన్నై యూనిట్ కూడా ఉంది, ప్రతిదానికీ కారైకుడి రైలెక్కక్కర్లేదు. బెంగళూరు వాళ్ళకి ఐఐఎస్సీ ఉండనే ఉంది. "పూత ఎందుకు లేస్తోంది, లోపల గామా ఫేజ్ (తుప్పుని తట్టుకునే జింక్-నికెల్ స్ఫటిక రూపం) వచ్చిందా రాలేదా, హైడ్రోజన్ వల్ల బోల్టు విరిగిందా" లాంటి ప్రశ్నకి అలాంటి చోట దొరికే జవాబు ఏ కన్సల్టెంటూ ఇవ్వలేడు, వాళ్ళ మిషన్లు మనం కొనగలిగేవి కాదు. కానీ అగ్రిమెంటు, అప్రూవలు, పేటెంటు ఎవరిది అనే లెక్కలకి టైము పడుతుంది, వచ్చే నెల పార్టులు కావాలనే కస్టమరున్నవాడికి ఇది సరిపడదు.

మూడోది కెమికల్ సప్లయరే అంతా చూసుకోవడం. ఫ్రీ అంటారు, వాళ్ళ మనిషొచ్చి ట్యాంకు సెట్ చేస్తాడు, నిజంగానే త్వరగా అవుతుంది, చిన్న షాపుకి మొదటి ఏడాది ఇదే తేలిక అని నేనూ ఒప్పుకుంటా. కాకపోతే బ్రైటెనర్ (పూతకి మెరుపిచ్చే మందు) డబ్బాలో ఏముందో మనకి చెప్పరు, రేటు పెంచినా అదే కొనాలి, మార్చాలంటే బాత్ మొత్తం పారబోసుకోవాలి. ఫ్రీగా వచ్చిన ఆర్అండ్‌డీకి నెలనెలా కంతులు కట్టడమే ఇది.

ఇంక మనమే చేసుకోవడం. ఇక్కడ జనం భయపడేది ల్యాబు ఖర్చుకి, నిజానికి మొదలుకి కావాల్సింది ఒక ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లాడో పిల్లో, 267 మిల్లీలీటర్ల హల్ సెల్ (ప్లేటింగ్ పరీక్షకి చిన్న తొట్టి), టైట్రేషన్ సామాను, చిన్న రెక్టిఫయర్, అంతే. హల్ సెల్‌లో ఒక్క రేకు వేస్తే ఎక్కువ కరెంటు నుంచి తక్కువ కరెంటు దాకా పూత ఎలా వస్తుందో ఒకే ముక్కమీద కనపడుతుంది, పది నిమిషాల పని. నికెల్ శాతానికి ఎక్స్ఆర్ఎఫ్ (ఎక్స్-రేతో లోహాల శాతం కొలిచే మిషను) కావాలి, దాన్ని బయట చేయించుకోవచ్చు. పిల్లాడు నేర్చుకున్నాక వేరే కంపెనీకి పోతాడు అంటారా, పోతాడు, నా దగ్గర ఇద్దరు పోయారు, అందుకే రోజువారీ రీడింగులు అతని బుర్రలో కాకుండా లాగ్‌బుక్కులో ఉండాలి.

టైము లెక్క కూడా చూడండి, 720 గంటలంటే సరిగ్గా 30 రోజులు. ఒక్క మార్పు చేసి ఫలితం చూడ్డానికి నెల. బీకరు ముక్కలమీద నాలుగుసార్లు ఆ టెస్టు చేయించి, మళ్ళీ ట్యాంకు ముక్కలతో మొదట్నుంచీ చేయించానంటే నా ఏడాది ఎటుపోయిందో అర్థమవుతుంది.

బామ్మర్దికి చివరికి నేను చెప్పింది, మొదటి ఏడాది సప్లయర్ బాత్‌తో నడుపు, కానీ మొదటిరోజు నుంచే సొంత కెమిస్టు, హల్ సెల్ ఉండాలి, విరిగిన బోల్టు లాంటి అంతుపట్టని కేసొస్తే అది మాత్రం తరమణికో ఐఐఎస్సీకో పంపు. ప్రైవేటు ల్యాబుకి డెవలప్‌మెంటు ఇచ్చే తీరాలంటే ట్రయల్ నీ నీళ్ళతో, నీ కాస్టిక్‌తో, నీ ట్యాంకులోనే జరగాలని, చివరి సగం డబ్బు మూడు నెలలు నడిచాకే ఇస్తానని, ఎఫ్లుయెంట్ (వదిలేసే నీళ్ళు) ఎలా ట్రీట్ చెయ్యాలో కూడా వాళ్ళే రాసివ్వాలని, రా డేటా మొత్తం నీదేనని అగ్రిమెంట్లో రాయించు. అంతా విని "బావా, ఆ షరతులకి ఎవడొప్పుకుంటాడు" అన్నాడు. ముగ్గుర్ని అడిగాడంట, ఒకడు ఒప్పుకున్నాడు, రేటు రెండింతలు చెప్పాడు.