చేత్తో అల్లిన పాత ఊలు స్వెట్టర్లు: ఏళ్ల తరబడి వేసుకున్నాక

నా దగ్గరున్న చేతి అల్లిక స్వెట్టర్లలో ఒక్కటే ఉంచుకోమంటే ముదురు నీలం గర్న్సీని ఉంచుకుంటాను. చూడ్డానికి అన్నిటికంటే సాదాగా ఉండేది అదే. ఐర్లండ్ ఆరన్ స్వెట్టర్ మీద కనిపించేంత పనితనం దాని మీద కనిపించదు. స్కాట్లండ్ ఫెయిర్ ఐల్ స్వెట్టర్‌లో ఉన్నన్ని రంగులూ లేవు. అయినా ఈ మూడింటినీ, ఐస్‌లాండ్ లోపపేసా ఒకదాన్నీ ఏళ్లుగా మార్చి మార్చి వేసుకున్నాక నా ఓటు గర్న్సీకే. అన్నీ ఎవరో వేసుకుని వదిలేస్తే నేను కొనుక్కున్నవే కాబట్టి ఇది పాత సరుకు మీద అభిప్రాయం అనుకోండి.

గర్న్సీ అంటే ఇంగ్లిష్ చానల్‌లో ఉన్న ఒక దీవి. దాని పేరు పెట్టుకున్న ఈ అల్లిక బ్రిటన్ తీరం వెంబడి ఎన్నో జాలర్ల ఊళ్లకు పాకింది. అక్కడి వాళ్లు గాన్సీ అని కూడా అంటారు. గట్టిగా పురి పెట్టిన ఐదు పేటల ఊలు దారం, సన్నని సూదులు, బాగా బిగువైన అల్లిక. గాలి సులువుగా దూరదు, తుంపర పడితే వెంటనే లోపలికి ఇంకదు. ముందు భాగం, వెనక భాగం విడివిడిగా అల్లి పక్కన కుట్టడం ఇందులో ఉండదు. నడుము దగ్గర మొదలుపెట్టి చంకల దాకా గొట్టంలా చుట్టూ అల్లుకుంటూ వస్తారు. పక్క కుట్లే లేనప్పుడు అవి పిగిలిపోతాయన్న భయం కూడా లేదు. సాదా రకాల్లో ముందుకీ వెనక్కీ తేడా ఉండదు. ఎటు తిప్పి వేసుకున్నా ఒకటే కాబట్టి, మోచేతులు ఒకవైపే అరిగిపోకుండా నేను మార్చి వేసుకుంటాను.

చంక కింద చిన్న పలక ఆకారపు ముక్క ఒకటి కలిపి అల్లుతారు. చెయ్యి పైకెత్తితే ఆ ముక్క సాగి చోటిస్తుంది, నడుము దగ్గర స్వెట్టర్ పైకి లేవదు. వల లాగే మనిషి కోసం చేసిన ఏర్పాటు అది. పై అరలోంచి పెట్టె దించుకునేటప్పుడు నాకూ అంతే బాగా పనికొస్తోంది.

నన్ను పూర్తిగా గెలుచుకున్నవి మాత్రం చేతులు. మామూలుగా స్వెట్టర్ చేతిని మణికట్టు దగ్గర మొదలుపెట్టి భుజం వైపు అల్లి, ఆ తర్వాత ఒంటికి కుడతారు. గర్న్సీలో భుజం దగ్గర ఒంటి అల్లిక అంచు నుంచే కుట్లు సూదుల మీదికి ఎత్తుకుని మణికట్టు వైపు కిందికి అల్లుతారు. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ అల్లిక ముగించిన కొస నుంచి సులువుగా విప్పుకు వస్తుంది, మొదలుపెట్టిన కొస నుంచి అంత తేలిగ్గా రాదు. అన్నిటికంటే ముందు చిరిగేది చేతి అంచే. అదే ముగింపు కొస అయితే ఆ కాస్త మేర విప్పేసి మళ్లీ అల్లుకోవచ్చు.

నేను కొన్నప్పుడు నా గర్న్సీ కుడి చేతి అంచు చిరిగి దారాలు వేలాడుతున్నాయి. చవగ్గా దొరకడానికి కారణం అదే. చిరుగుకు కాస్త పైన, అల్లిక గట్టిగా ఉన్న వరసలో ఒక్క పోగు కత్తిరించి మెల్లగా లాగాను. కింది భాగం మొత్తం పట్టీలా ఊడి వచ్చింది, పైన కుట్లు వరసగా నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. ఊలు పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ కుట్లు వెంటనే జారిపోవు. తొందరపడకుండా ఒక్కొక్కటే సూదుల మీదికి ఎక్కించుకుని, కొత్త దారం కలిపి, రెండు నిట్ (సూటి కుట్లు) రెండు పర్ల్ (తిరగేసిన కుట్లు) చొప్పున మణికట్టు దాకా అల్లి ముగించాను. కొత్త నీలం పాత నీలం కంటే ఒక ఛాయ ముదురు. దగ్గర్నుంచి చూస్తే ఎక్కడ కలిసిందో తెలుస్తుంది. నాకు ఆ గీత ఇష్టం. ఇప్పుడు ఆ చెయ్యి రెండో చేతికంటే గట్టిగా ఉంది.

దీని లోపం కూడా చెప్పాలి. మెడ దగ్గర గుచ్చుకుంటుంది. ఊలు పోగు మందం దాదాపు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే వంగకుండా చర్మాన్ని పొడుస్తుంది, దురద అనిపించేది అందుకే. అది అలర్జీ కానక్కర్లేదు. లోపల కాలరున్న కాటన్ చొక్కా వేసుకుంటే ఆ బాధ చాలావరకు పోతుంది. ఏళ్లుగా వాడితే మెత్తబడుతుందని చాలామంది అంటారు. నాది కొంచెమే మెత్తబడింది.

ఇక ఆరన్. గాల్వే అఖాతం ముఖద్వారంలో ఉన్న మూడు ఆరన్ దీవుల పేరు మీద వచ్చిన స్వెట్టర్ ఇది. రంగు వెయ్యని మీగడ తెలుపు ఊలు, దాని మీద జడలు, పలకలు, తేనెపట్టు గళ్లు. ఎంత చూసినా కంటికి తనివి తీరదు. అమ్మేవాళ్లు దీంతోపాటు ఒక కథ కూడా చెబుతారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉండేదనీ, సముద్రంలో మునిగిపోయిన జాలరిని ఆ అల్లికను బట్టే గుర్తుపట్టేవారనీ. దానికి చారిత్రక ఆధారం లేదు. ఇప్పుడు మనం చూసే ఆరన్ స్వెట్టర్ 20వ శతాబ్దం మొదట్లో రూపుదిద్దుకుంది, అక్కడి ఆడవాళ్లు అమ్మకానికి అల్లి ఇల్లు గడుపుకోవడంతో విస్తరించింది. నాకు ఆ నిజమే ఎక్కువ విలువైనది. తమ చేతిపనితో డబ్బు సంపాదించుకున్న ఆడవాళ్ల తెలివిని పక్కకు నెట్టి, మునిగిపోయిన మగవాళ్ల కథను ముందుకు తేవడం అన్యాయం.

వాడకానికి వస్తే, ఆరన్ వెచ్చదనం గొప్పది. జడలు ఉబ్బెత్తుగా లేచి వాటి మధ్య గాలిని పట్టి ఉంచుతాయి, చలిని ఆపేది ఆ గాలే. ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు దాకా చెమ్మ పీల్చుకున్నా తడిగా అనిపించదు, పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది. వానలో తడిసిన రోజు కూడా ఒళ్లు చల్లబడకపోవడానికి కారణం అదే. కానీ బరువు ఎక్కువ. జడ అల్లికకు మామూలు అల్లిక కంటే చాలా ఎక్కువ దారం పడుతుంది, ఆ బరువంతా భుజాల మీదే. ఇంట్లో హీటర్ ఉన్న గదిలో అరగంట కంటే ఎక్కువసేపు వేసుకోలేం. ఉతికితే పూర్తిగా ఆరడానికి రోజులు పడుతుంది. హ్యాంగర్‌కు వేలాడదీస్తే సొంత బరువుకే సాగి భుజాల దగ్గర బొడిపెలు వస్తాయి, మడతపెట్టే దాచాలి. కొనేటప్పుడు ఇంకో విషయం చూసుకోండి. చేతి అల్లికా, చేత్తో నడిపే మెషిన్ మీద అల్లినదీ ఒకటి కాదు. లేబుల్ మీద 'హ్యాండ్‌లూమ్డ్' అని ఉంటే అది రెండో రకం. చెడ్డదేమీ కాదు, కాకపోతే పలచగా, ఒకే కొలతలో ఉంటుంది. జడలు ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి, తేనెపట్టు గళ్లు లోతుగా ఉంటే సూదుల మీద అల్లింది కావచ్చు.

ఫెయిర్ ఐల్ నాది చేతుల్లేని స్వెట్టర్. ఆర్క్‌నీ, షెట్లాండ్ దీవుల మధ్య ఫెయిర్ ఐల్ ఉంటుంది. 1920ల మొదట్లో, తర్వాత ఎనిమిదో ఎడ్వర్డ్ రాజు అయిన బ్రిటన్ యువరాజు ఇలాంటి స్వెట్టర్ వేసుకుని గోల్ఫ్ ఆడేసరికి ఇది ఫ్యాషన్ అయిపోయింది. మొత్తం మీద ఎన్ని రంగులున్నా, సంప్రదాయ పద్ధతిలో ఒక వరసలో రెండు రంగులే వాడతారు. పని లేని రంగు దారం వెనక నుంచి సాగుతూ పోతుంది. అందుకే లోపలివైపు తిప్పి చూస్తే ఇంకో స్వెట్టర్ చూసినట్టుంటుంది. ఆ వెనక దారాల వల్ల మందం రెట్టింపవుతుంది, చేతుల్లేకపోయినా ఛాతీ వెచ్చగా ఉంటుంది. మొదట్లో వేసుకునేటప్పుడు వేళ్లూ ఉంగరాలూ తగులుకుంటాయి. షెట్లాండ్ ఊలుకు ఒకదానికొకటి అంటుకునే గుణం ఎక్కువ కాబట్టి వాడగా వాడగా ఆ దారాలు అల్లికలో కలిసిపోతాయి. నా స్వెట్టర్‌లో ఇప్పుడవి దాదాపు తగులుకోవు. ఆ గుణం వల్లే గొట్టంలా అల్లిన స్వెట్టర్‌ను నిలువునా కత్తెరతో కోసి చంకలూ మెడా తీస్తారు. కోసినా ఊడిపోదు. మెషిన్‌లో ఉతకడానికి వీలుగా తయారుచేసిన ఊలుతో ఈ ధైర్యం చెయ్యకూడదు. దాని పోగు మీది పొలుసులను రసాయనంతో అణిచేసి ఉంటారు, అది జారిపోతుంది.

లోపపేసా గురించి క్లుప్తంగా. ఐస్‌లాండ్ గొర్రెకు రెండు పొరల ఊలు ఉంటుంది, పైన పొడవైన గట్టి పోగు, లోపల మెత్తటి పోగు. రెండూ కలిపి పురి పెద్దగా లేని దారం చేస్తారు. మెడ చుట్టూ గుండ్రంగా తిరిగే డిజైనుతో ఇది 20వ శతాబ్దం మధ్యలో పుట్టింది. అంత తేలిక బరువుకు అంత వెచ్చదనం ఇంకెక్కడా చూడలేదు. కానీ నూగు రాలుతూనే ఉంటుంది, నల్ల ప్యాంటు మీద కనిపిస్తుంది, గుచ్చుకోవడంలో అన్నిటికంటే ముందుంటుంది. 2020 నుంచి ఐస్‌లాండ్‌లో ఈ పేరుకు రక్షణ ఉంది. అక్కడి ఊలుతో, అక్కడే చేత్తో అల్లినదానికే ఆ పేరు పెట్టుకోవాలి.

వీటి సంరక్షణ అందరూ భయపడేంత కష్టం కాదు. ఊలును పాడుచేసేది నీళ్లు కాదు, వేడి, రాపిడి కలిసి చేసే పని. గోరువెచ్చని నీళ్లలో పిండకుండా కాసేపు నానబెట్టి, అంతే వెచ్చదనం ఉన్న నీళ్లలో జాడించి, తువ్వాలులో చుట్టి అదిమి, పరిచి ఆరబెడతాను. మరకలు తినేసే ఎంజైములున్న డిటర్జెంటు వద్దు. మరకలోని ప్రొటీన్‌ను విరిచే ఎంజైము ఊలును కూడా వదలదు, ఊలూ ప్రొటీనే కదా. క్లోరిన్ బ్లీచ్ అయితే ఊలును కరిగించేస్తుంది. నిజానికి తరచుగా ఉతకాల్సిన పనే ఉండదు, ఒక పూట గాలికి పరిస్తే వాసన పోతుంది.

అసలు టెన్షన్ చిమ్మెటలతో. ఎగిరే చిమ్మెట ఏమీ తినదు, తినేదంతా దాని పురుగులే. చెమట, చర్మపు పొట్టు అంటిన చోట్లంటే వాటికి మరీ ఇష్టం, అందుకే రంధ్రాలు మెడ దగ్గరా చేతి అంచుల దగ్గరా మొదలవుతాయి. శుభ్రం చెయ్యకుండా సీజన్ అయిపోగానే దాచేస్తే వాటికి విందు పెట్టినట్టే. పాత స్వెట్టర్ ఏది ఇంటికి వచ్చినా మిగతావాటితో కలపకుండా ప్లాస్టిక్ కవర్లో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచుతాను. గుడ్లు, పురుగులు చావాలంటే ఇంట్లో చేయగలిగినదాంట్లో నేను నమ్మేది ఇదే. దేవదారు చెక్కలు, లావెండర్ సంచులు మంచి వాసనకు సరే, అప్పటికే ఉన్న పురుగును నమ్మకంగా చంపలేవు.

స్వెట్టర్లతోపాటు పాత వస్తువుల్లో నాకు బాగా ఉపయోగపడినవి రెండు. మొదటిది పుట్టగొడుగు ఆకారంలో ఉండే చెక్క దిమ్మ. చిరిగిన మోచేతి కింద దీన్ని పెట్టి, బట్టను దాని మీద సాగదీయకుండా పరిచి, నిలువు పోగులు వేసి వాటి మధ్య అడ్డపోగులు నేస్తే రంధ్రం మూసుకుపోతుంది. ఎవరి చేతుల్లోనో అరిగి నున్నగా అయిన పాత దిమ్మ దారాన్ని పట్టుకోదు. కొత్తవాటి చెక్క గరుకుగా ఉంటే పోగులు లేచిపోతాయి. రెండోది ముక్కలు ముక్కలుగా క్రోషే (ఒకే కొక్కెం సూదితో చేసే అల్లిక) చేసి కలిపిన దుప్పటి. ఒక ముక్క పాడైతే విప్పి ఇంకోటి కలపడమే. అల్లికకు యంత్రాలు 1589లో విలియం లీ చేసిన మేజోళ్ల మగ్గంతోనే మొదలయ్యాయి గానీ, అసలు క్రోషేను అచ్చంగా చేసే యంత్రం, ప్రయోగాల్లోని నమూనాలు తప్ప, ఇప్పటికీ వాడకంలో లేదు. అంటే దుకాణంలో చవగ్గా వేలాడుతున్న టాప్ నిజమైన క్రోషే అయితే, అది కూడా ఎవరో చేత్తో చేసిందే. ఎన్నో గంటల పని అంత తక్కువకు ఎలా వచ్చిందో ఆలోచిస్తే నాకు చెయ్యి రాదు, కొనను. పాతవి కొంటాను, లేదా చేసిన మనిషికి నేరుగా డబ్బిస్తాను.

పాత సరుకు కొనేవారికి ఇంకొన్ని గుర్తులు. ఊలు ఉండ ఆకారపు వుల్‌మార్క్ చిహ్నం ఉంటే ఆ స్వెట్టర్ 1964 తర్వాతిది, ఆ చిహ్నం వచ్చిందే అప్పుడు. 'మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ' అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. లేబులే లేకపోతే బాధపడకండి, ఇంట్లో అల్లినవాటికి లేబుల్ ఉండదు. ఊలా యాక్రిలిక్కా అని అనుమానమొస్తే, కొన్న తర్వాత లోపలి కొస నుంచి చిన్న పోగు తీసి కాల్చి చూడండి. ఊలైతే కాలిన జుట్టు వాసన వచ్చి, మంట తనంతట తనే ఆరిపోయి, నలిపితే పొడయ్యే బూడిద మిగులుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి ఉండ కడుతుంది. కొనక ముందైతే స్వెట్టర్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని మోచేతులు, చంకలు చూడండి. పలచబడిన చోట వెలుతురు కనిపిస్తుంది. రంధ్రం ఉన్నా నేను వెనకాడను, చుట్టూ ఉన్న పోగులు గట్టిగా ఉంటే బాగుచేసుకోవచ్చు. వేడి నీళ్లలో ఉతికేసి బిగుసుకుపోయి, కుట్లు విడివిడిగా కనిపించనిదాన్ని మాత్రం ఎంత అందంగా ఉన్నా తీసుకోను. దాన్ని మళ్లీ వదులు చేయడం ఎవరి వల్లా కాదు.